ఆదివారం సాయంత్రానికి కారు కదలాలి

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. ఫొటోలన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. ఇరవై ఏళ్ల పెట్రోలు కారు, ఏడాదిగా పెట్టిన చోటే ఉంది, ఇంటి దగ్గరే నా చేతులతో బాగుచేసుకుంటాను మామయ్యా అని రాశావు. చదువుతుంటే చాలా సంతోషం వేసింది. డబ్బు తక్కువ ఉందని దిగులుపడకు. ఏ పని ముందు, ఏ పని వెనక అన్న వరస సరిగ్గా ఉంటే ఉన్న డబ్బుతోనే చాలా దూరం వెళ్లొచ్చు. వరస తప్పితే ఎంత పోసినా చాలదు.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెబుతాను. కారు మొత్తాన్నీ ఒకేసారి విప్పకు. నా మొదటి కారుతో నేను చేసిన తప్పు అదే. సీట్లు, డోర్లు, డాష్‌బోర్డు, ఇంజిన్ అన్నీ నెల రోజుల్లో ఊడదీశాను. విప్పుతున్నంతసేపూ పని బాగా సాగుతున్నట్టే ఉంటుంది. బిగించే సమయం వచ్చేసరికి ఏ బోల్టు ఎక్కడిదో గుర్తులేదు, కొనాల్సిన సామాన్ల చిట్టా మాత్రం రోజురోజుకీ పెరిగింది. రెండేళ్ల తర్వాత ఆ కారును అట్టపెట్టెల్లో ముక్కలుగానే అమ్మేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అందుకే నువ్వు ఒక వారానికి ఒక పనే పెట్టుకో. శనివారం విప్పినది ఆదివారం సాయంత్రానికి బిగిసి, కారు కదలాలి. కదిలే కారు మీద మనసు నిలుస్తుంది. కదలని కారు మీద నాలుగు నెలల్లో దుప్పటి పడుతుంది.

అలాగని నేరుగా తాళం తిప్పి సెల్ఫ్ కొట్టొద్దు. ఏడాది నిలిచిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిల్ పొర మిగిలి ఉండదు. పాత పెట్రోలు తీసేయించు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చు. స్పార్క్ ప్లగ్‌లు తీసి ఒక్కో రంధ్రంలో చెంచాడు కంటే తక్కువ ఇంజిన్ ఆయిల్ వేసి కొన్ని గంటలు వదిలెయ్. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ బెల్టులను తిప్పే చక్రం) బోల్టు మీద పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే వైపే చేత్తో రెండు చుట్లు తిప్పు. సాఫీగా తిరిగితే సరే. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకు, అక్కడే ఆపి నాకు ఫోన్ చెయ్.

ప్లగ్‌లు ఎలాగూ బయట ఉన్నాయి కాబట్టి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటుందో, అది కూడా చూసుకో. గేజ్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుంటే చాలు. ఇగ్నిషన్, పెట్రోలు పంపు ఫ్యూజులు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. అన్ని సిలిండర్ల అంకెలు దగ్గర దగ్గరగా రావాలి. ఒకటి బాగా తక్కువ వస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వుల దగ్గరో, హెడ్ గాస్కెట్ దగ్గరో లీకు ఉన్నట్టు. ఈ అరగంట పని చేయకుండా సీటు కవర్లు కొన్నవాళ్లను నేను చూశాను.

రెండో పరీక్ష తుప్పు. ఇంజిన్ మార్చుకోవచ్చు, గేర్‌బాక్స్ మార్చుకోవచ్చు, బాడీ కింద బలం పోతే మాత్రం తక్కువ డబ్బుతో తేలే పని కాదు. కార్పెట్ ఎత్తి చూడు. డోర్ల కింది అంచులు, చక్రాల పైన వంపులు, జాకీ పెట్టే చోట్లు, షాక్ అబ్జార్బర్ బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ వెనక వైపుతో కొట్టి విను. మంచి రేకు ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం ఒకటి దగ్గర పెట్టుకో. అది అతుక్కోని చోట పెయింట్ కింద లప్పం మందంగా ఉన్నట్టే. పైపైన ఉన్న తుప్పును వైరు బ్రష్‌తో గీకి, తుప్పును మార్చే మందు రాసి, ప్రైమర్ వేస్తే ఆగుతుంది. రేకుకు చిల్లు పడితే, ముఖ్యంగా బరువు మోసే చోట, కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. లప్పంతో చిల్లు పూడ్చడం వద్దు. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, అవి మట్టితో మూసుకుపోతే డోరు లోపలి నుంచి కుళ్లిపోతుంది. సన్నని తీగ పెట్టి వాటిని తెరువు. ఖర్చు లేని పని.

ఈ రెండూ తేలాక బ్రేకులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పైకి బాగా కనిపించి మోసం చేసేవి ఇవే. పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు ఆగుతూనే ఉంటుంది. కానీ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక అది 155 డిగ్రీలకు దిగినా ఆ ప్రమాణానికి లోబడినట్టే. పొడవైన దిగుడులో బ్రేక్ తొక్కుతూ వస్తే ఆ వేడికి లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ ఒక్కసారిగా నేలకు పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలనడం అందుకే. నీ కారులో అసలు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు.

పాత బ్రేక్ ఆయిల్ మార్చి, గొట్టాల్లో గాలి తీసే పనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో, ఒకరు చక్రం దగ్గర. చక్రం దగ్గర బ్రేకుకు ఉండే నిపుల్‌కు (గాలి వదిలే చిన్న మర) పారదర్శకంగా ఉండే సన్న గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచుతావు. "నొక్కు" అంటావు, లోపలివాళ్లు పెడల్ నొక్కి "నొక్కాను" అంటారు. నిపుల్ పావు చుట్టు వదులు చేస్తావు. కాఫీ డికాషన్ రంగు ఆయిల్ గొట్టంలో జరుగుతుంది, వెనకాలే చిన్న చిన్న బుడగలు. నిపుల్ బిగించి "వదులు" అంటావు. బిగించకముందే పెడల్ వదిలితే గాలి మళ్లీ లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది. బుడగలు ఆగి, లేత రంగు ఆయిల్ వచ్చేదాకా ఇదే. పైన డబ్బాలో మట్టం ఎప్పుడూ అడుగంటకూడదు. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడుగు. రబ్బరు గొట్టాలను వంచి చూడు, పగుళ్లు కనిపిస్తే కొత్తవి వెయ్. పాత బ్రేకుల దుమ్మును నోటితో గానీ గాలి పంపుతో గానీ ఊదొద్దు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడువు.

కారు కిందకు దూరేటప్పుడు జాకీని ఎప్పుడూ నమ్మకు. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు. స్టాండ్లు పెట్టాక కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, తర్వాతే పడుకో. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు చెప్పకుండా పగులుతాయి, వాటిని దగ్గరికి కూడా రానీయకు. నీ డబ్బులో మొదటి ఖర్చు మంచి స్టాండ్ల జత మీదే పెట్టు. ఈ ఒక్క విషయంలో నాకు మాటివ్వాలి.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెలు వెతుకు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పదేళ్లు దాటితే పైన గాట్లు ఎంత లోతుగా ఉన్నా మార్చెయ్. టైమింగ్ బెల్టు (పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే బెల్టు) ఉన్న ఇంజిన్ అయితే, పాత యజమాని మార్చిన రుజువు చూపించకపోతే మార్చలేదనే లెక్క వేసుకో. చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దేస్తాయి. బెల్టుతో పాటే దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, అక్కడే ఉంటే నీళ్ల పంపు కూడా మార్చితే మళ్లీ మళ్లీ విప్పే శ్రమ తప్పుతుంది. రేడియేటర్ మూత వేడి మీద తీయకు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి. పారిన చుక్క కూడా తుడిచెయ్.

కరెంటు తిప్పలు చాలావరకు ఎర్త్ దగ్గరే తేలిపోతాయి. నీ ఉత్తరంలో ఇండికేటర్ వేస్తే లైట్లు మసకబారుతున్నాయని రాశావు కదా, ముందు అక్కడే చూడు. బ్యాటరీ నెగటివ్ తీగ బాడీకి బిగించిన చోట బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించి కొంచెం గ్రీజు రాయి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక తీగకూ అలాగే. వోల్టేజీ చూసే మీటరు ఒకటి కొనుక్కో. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. బ్యాటరీ తీసేటప్పుడు నెగటివ్ ముందు, పెట్టేటప్పుడు నెగటివ్ చివర. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు కురుస్తాయి.

బోల్టులు రావడం లేదని విసుక్కోకు. వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్. పొద్దున ఆరు పలకల సాకెట్ పెట్టి, ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి కదుపు. కీచుమని చిన్న చప్పుడు వస్తుంది, తుప్పు పట్టు వదిలినట్టు. అక్కడి నుంచి ముందుకూ వెనక్కీ ఆడిస్తూ తీస్తే తల అరగదు. సస్పెన్షన్ బుష్‌ల (చక్రాలను పట్టే చేతుల కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) బోల్టులు మాత్రం కారు గాలిలో ఉండగా గట్టిగా బిగించకు. కారు బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలితిరిగే ఉండి కొద్ది రోజుల్లో చిరిగిపోతుంది. బుష్‌లు త్వరగా పోతున్నాయంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇక కొత్త హంగులు. నా దృష్టిలో మొదటి హంగు వెలుతురు. చాలా పాత కార్లలో హెడ్‌లైట్ కరెంటు అంతా స్విచ్ గుండా సన్న తీగల్లో వెళ్తుంది, దారిలోనే వోల్టేజీ పోతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే హాలోజన్ బల్బు వెలుతురు సుమారు 30 శాతం పడిపోతుంది. నీ కారులో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లేకపోతే, రెండు రిలేలు, ఒక ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి లావు తీగ నేరుగా లాగితే అదే బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. హాలోజన్ కోసం చేసిన అద్దంలో ఎల్ఈడీ బల్బు దూర్చొద్దు, ఎదుటివాళ్ల కళ్లు చెదురుతాయి. పసుపెక్కిన లైటు కవర్లను ఎమరీ పేపర్‌తో తడిపి రుద్దు, ముందు 1000 నంబరు, తర్వాత 2000, 3000. ఆపైన కాంపౌండ్‌తో మెరుగు పెట్టు. చివర ఎండను ఆపే పూత వేయకపోతే కొన్ని నెలల్లో మళ్లీ పసుపెక్కుతుంది.

రేడియో, సీట్ల గుడ్డ, పెయింట్ ఇవన్నీ ఆ తర్వాతే. సీట్లు, డోరు హ్యాండిళ్లు, అద్దాలు స్క్రాప్ కార్ల నుంచి తెచ్చుకో, ఏ నష్టమూ లేదు. బ్రేకులు, బెల్టులు, గొట్టాలు, టైర్లు మాత్రం కొత్తవే కొను. విప్పే ప్రతిదానికీ ముందు ఫొటో, ప్రతి గుప్పెడు బోల్టులకూ ఒక సంచి, సంచి మీద పేరు.

బ్రేకుల గాలి తీసే ఆదివారం ఏదో ముందుగా చెప్పు. సీట్లో కూర్చుని పెడల్ నేను నొక్కుతాను, నిపుల్ దగ్గర నువ్వుండు. ఈలోగా జాకీ పెట్టే చోట్లను దగ్గరగా ఫొటోలు తీసి పంపు. పంపినవాటిలో అవి ఒక్కటీ లేవు.

నీ మామయ్య