టాలీ సందేహాలు: సరిహద్దు బిల్లు, కుదరని బ్యాలెన్స్

ప్రశ్న: పర్లాకిమిడిలో మాది ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. కొనేవాళ్లలో సగంమంది సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నం వైపు వాళ్లే. వాళ్ల బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వెయ్యాలా, ఐజీఎస్టీనా? ఒక్కోసారి సీజీఎస్టీ లెడ్జర్ (ఖాతా) ఎంచినా సొమ్ము పడదు. చేత్తో కొట్టేస్తున్నాం.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆ చేత్తో కొట్టడం మానండి. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రాష్ట్రంలోపలి అమ్మకానికి వేసే కేంద్ర, రాష్ట్ర పన్నులు. అమ్మకం రాష్ట్రం దాటితే వేసేది ఐజీఎస్టీ. సొమ్ము పడలేదంటే మీ లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ మొరాయించినట్టు కాదు. కొన్న పార్టీది ఆంధ్ర అని దానికి తెలుసు, మీరేమో ఒడిశా పన్ను అడుగుతున్నారు.

జీఎస్టీ నంబరున్న వ్యాపారి అయితే నంబరులో మొదటి రెండంకెలు చూడండి. ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. సరుకు సరిహద్దు దాటి అతని కొట్టుకు చేరుతుంటే ఐజీఎస్టీయే. లెడ్జర్ తెరిచి, స్టేట్ దగ్గర ఉన్న పేరు ఆ అంకెలతో కలుస్తోందో లేదో సరిచూడండి. హడావిడిలో ఎంటర్ నొక్కుకుంటూ పోయిన లెడ్జర్లలోనే ఈ తప్పు ఎక్కువ.

నంబరు లేని మామూలు కొనుగోలుదారు సంగతి వేరు. 2023 అక్టోబర్ 1 నుంచి బిల్లు మీద ఏ చిరునామా రాస్తే అదే లెక్క. ఏమీ రాయకపోతే కొట్టున్న చోటే, అంటే ఒడిశా. రాష్ట్రం పేరొక్కటి రాసినా చిరునామా రాసినట్టే. పన్ను కాక 1,800 రూపాయల సరుకు, 18 శాతం పన్ను అనుకుందాం. చిరునామా లేని నగదు బిల్లయితే 162 చొప్పున సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఆంధ్రప్రదేశ్ అని రాస్తే 324 మొత్తం ఐజీఎస్టీ. కొన్నవాడికి పైసా తేడా రాదు, తలనొప్పంతా మీకే. టాలీలో పార్టీగా క్యాష్ ఎంచాక వచ్చే పార్టీ వివరాల తెరలో స్టేట్, ప్లేస్ ఆఫ్ సప్లై (సరఫరా చోటు) రెండూ నింపండి. ఇలాంటి అంతర్రాష్ట్ర బిల్లు లక్ష దాటితే 2024 ఆగస్టు నుంచి అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో విడిగా చూపాలి. లక్షలోపువి రాష్ట్రంవారీ మొత్తంగా పోతాయి.

ఒక పన్ను బదులు ఇంకోటి కట్టేస్తే సరైనది మళ్లీ కట్టి, పాతది వాపసు అడగాలి. వడ్డీ పడదు గానీ, వచ్చేదాకా డబ్బు ఇరుక్కుపోతుంది.

మీరు అడగలేదు గానీ, కొనుగోళ్ల వైపు ఇంకా పెద్ద చిల్లు ఉంటుంది. అవతలి నుంచి ఆంధ్ర ఎస్‌జీఎస్టీ వేసిన బిల్లు తెచ్చుకుంటే ఆ పన్ను ఒడిశా రిజిస్ట్రేషన్‌లో క్రెడిట్‌కి రాదు, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోలేరు. సరుకు ఎత్తకముందే బిల్లు ఐజీఎస్టీకి మార్పించుకోండి. విశాఖ లాడ్జి బిల్లు మాత్రం మారదు, గది ఎక్కడుంటే పన్ను అక్కడిదే. పన్నుతో సహా ప్రయాణ ఖర్చులో రాసెయ్యండి.

ప్రశ్న: ఏటా టాలీలో కొత్త కంపెనీ తెరిచి నిల్వలు ఎక్కిస్తాం. ఈసారి బ్యాలెన్స్ షీట్‌లో ‘డిఫరెన్స్ ఇన్ ఓపెనింగ్ బ్యాలెన్సెస్’ 83,200 చూపిస్తోంది. సస్పెన్స్‌లో (తేలని మొత్తాల ఖాతాలో) వేసేద్దామా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: వద్దు. సస్పెన్స్‌లో వేస్తే తప్పు దాక్కుంటుంది, పోదు.

83,200లో సగం 41,600. సరిగ్గా అంత నిల్వ ఉన్న లెడ్జర్ ఏదైనా ఉందేమో వెతకండి. డెబిట్ క్రెడిట్‌గా పడితే తేడా రెండింతలవుతుంది. తేడా 9తో భాగితమయ్యేదైతే అంకెలు తారుమారై ఉండొచ్చు. 5,400 బదులు 4,500 కొడితే 900 తేడా. మీ 83,200 తొమ్మిదితో భాగింపబడదు, కాబట్టి ఒక్క అంకెల తారుమారు కాదు. సగం మొత్తమూ దొరక్కపోతే ఎక్కించకుండా వదిలేసిన లెడ్జర్ కోసం చూడండి. నిరుటి లాభం, సరుకు నిల్వ తరచుగా మరిచిపోయేవి.

అసలు రోగం ఇంకోటి కావచ్చు. ఆడిటర్ తరుగుదల, పన్ను కేటాయింపు వంటి ఎంట్రీలు తన కాపీలో వేసుకుంటారు, మీ టాలీలోకి అవి రావు. కొన్ని నిల్వలు ఆయన షీటు నుంచి, కొన్ని మీ టాలీ నుంచి తీసుకుంటే ఎలా కలుస్తాయి? ఆ ఎంట్రీల జాబితా అడిగి తీసుకుని, పాత కంపెనీలోనే మార్చి 31 తేదీతో ఎఫ్7 జర్నల్‌గా (సర్దుబాటు ఎంట్రీగా) వెయ్యండి. ఏప్రిల్ నిల్వలు వాటంతటవే వస్తాయి. ఏటా కొత్త కంపెనీ తెరవాల్సిన పనే లేదు. పీరియడ్ (తేదీల వ్యవధి) మార్చుకుంటే చాలు, బిల్లువారీ బాకీలూ చెదరవు.

మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పూ ఎడిట్ లాగ్‌లో (మార్పుల చిట్టాలో) నమోదు కావాలి. ఆడిట్ అయిన ఏడాది ముట్టుకునే ముందు ఆడిటర్‌తో ఒక మాట అనుకోండి.

ప్రశ్న: నెలాఖరుకు నగదు సరిగానే ఉంటుంది, మధ్యలో మైనస్ చూపిస్తోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: బ్యాంకులో తీసిన డబ్బు ఆలస్యంగా రాస్తున్నట్టున్నారు. తీసిన రోజు తేదీతోనే ఎఫ్4 కాంట్రా (బ్యాంకు, నగదు మధ్య మార్పిడి ఎంట్రీ) వెయ్యండి. యజమాని ఇంటి నుంచి తెచ్చి పెట్టిన సొమ్ము నిజంగా ఉంటే, తెచ్చిన తేదీకి రసీదు రాయండి. మైనస్ పూడ్చడానికి మాత్రం దాన్ని వాడొద్దు. క్యాష్ లెడ్జర్ తెరిచి ఎఫ్12లో రన్నింగ్ బ్యాలెన్స్ పెట్టుకుంటే ఏ వోచరు దగ్గర కిందికి దిగిందో కనబడుతుంది. చూసేటప్పుడే ఒక రోజులో ఒకరికి 10,000 మించిన నగదు ఖర్చులకూ గుర్తు పెట్టండి. ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. లారీ కిరాయికైతే ఆ హద్దు 35,000.