పత్తికి మందు కొట్టే రోజుల్లో విషం కేసులు ఎందుకు పెరుగుతాయి?

మహారాష్ట్రలోని రాజురా దగ్గర్లో ఉండే ఒకరు అడిగిన ప్రశ్న ఇది. చంద్రపూర్, యవత్మాల్ పత్తి ఊళ్లలో జూలై నుంచి నవంబరు దాకా పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదు. అసలు కారణం అదే.

పురుగుమందు కేసు అనగానే తాగారనే అనుకుంటాం. కొట్టేవాళ్లకూ విషం ఎక్కుతుంది. 2017లో యవత్మాల్ జిల్లాలో ఇలాగే 20 మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఏడాది చేను ఏపుగా, మనిషెత్తు పెరిగింది. మందు మొహం మీదే పడింది. రెండు మూడు రకాలు కలిపి, మాస్కూ గ్లవుజులూ లేకుండా కొట్టారు. ఇది కూలీల నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను. ఆ ఉక్కలో వేసుకోగలిగే రక్షణ బట్టలు వాళ్లకు ఎవరిచ్చారు?

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందులు నరాల సంకేతాలను ఆపే ఎంజైమును పనిచేయనివ్వవు. అందుకే చొంగ, చెమట, వాంతులు, ఆయాసం వస్తాయి, కంటిపాప చిన్నదవుతుంది. తడిసిన చొక్కా విప్పి, ఒంటిని సబ్బుతో కడిగి, 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించవద్దు. డబ్బా వెంట తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తే డాక్టరు విరుగుడుగా అట్రోపిన్ వెంటనే మొదలుపెడతారు.

ఇక తాగే కేసులు. చాలామందిది అప్పు టెన్షన్‌లోనో గొడవలోనో క్షణాల్లో వచ్చే ఆలోచన. చేతికందకపోతే ఆ క్షణం దాటిపోతుంది. శ్రీలంకలో అతి విషపు మందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. డబ్బాలు ఇంట్లో కాకుండా తాళం వేసిన పెట్టెలో ఉంచండి. మనసు బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ నంబరు 14416కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.