ముసలి గుర్రానికి గడ్డి ఎంత సన్నగా కత్తిరించాలి?

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లె. మా నాన్నగారు పెళ్ళి ఊరేగింపులకు తిప్పిన ఆడగుర్రం ఇప్పటికీ మా దగ్గరే ఉంది. వయసు 22 ఏళ్ళు దాటి ఉంటుంది. కొన్ని వారాలుగా ఎండుగడ్డిని కాసేపు నమిలి, తడి ఉండలుగా కింద పడేస్తోంది. బాగా చిక్కిపోయింది. పక్కింటివాళ్ళకు గేదెల కోసం కొన్న మోటారు చాఫ్ కట్టర్ ఉంది. దానితో గడ్డిని పొడిలా కొట్టించి పెడితే తింటుందా?

సమాధానం: పొడిలా మాత్రం వద్దు. కత్తిరించడం మంచి ఆలోచనే కానీ ముక్క 2 నుంచి 4 సెంటీమీటర్లు ఉండాలి. అంతకంటే సన్నం చేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ.

గేదె గబగబా మింగినా ఫరవాలేదు, తీరిగ్గా నెమరు వేసుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. మొదటిసారి నోట్లో ఎంత నలిగితే అంతే. పైగా గుర్రానికి లాలాజలం దాదాపుగా నమిలేటప్పుడే ఊరుతుంది. పెద్ద గుర్రానికి అది రోజుకు 30 లీటర్లు దాటుతుంది. పొడిగా కొట్టిన గడ్డిని గుర్రం నమలకుండానే మింగేస్తుంది. లాలాజలం సరిగా కలవని ముద్ద ఆహారనాళంలో ఇరుక్కోవచ్చు, దాటి పేగుల్లోకి వెళ్తే అక్కడ గట్టిపడి కడుపునొప్పి తేవచ్చు. గేదెల వాళ్ళు ఇచ్చే సలహాను గుర్రానికి వర్తింపజేయవద్దని నేను పదే పదే చెప్పేది ఇందుకే.

ఇంతకీ అసలు జబ్బు నోట్లో ఉంది. యంత్రం దగ్గరకు వెళ్ళకముందే ఆ నోరు చూపించండి. బేరం దగ్గర అందరూ పెదవి ఎత్తి ముందు పళ్ళు చూసి వయసు చెబుతారు. నమిలే పని చేసేవి లోపలి దవడ పళ్ళు, మొత్తం 24. వాటిని ఎవరూ చూడరు. ఈ పళ్ళు ఏడాదికి 2, 3 మిల్లీమీటర్ల చొప్పున పైకి వస్తూ, గడ్డి రాపిడికి అంతే అరుగుతూ ఉంటాయి. అరుగుదల సమానంగా లేకపోతే పై పళ్ళ బయటి అంచులు, కింది పళ్ళ లోపలి అంచులు కత్తుల్లా మొనదేరి బుగ్గను, నాలుకను కోస్తాయి. నొప్పికి ఓర్చుకోలేక గుర్రం గడ్డిని ఉండ చేసి పడేస్తుంది. మొనలే కారణమైతే పశువైద్యుడు మత్తుమందు ఇచ్చి, నోరు తెరిచి పట్టే పరికరం పెట్టి, పొడవాటి ఆకురాయితో వాటిని రాసేస్తాడు. ఆ తర్వాత చాలా గుర్రాలు మామూలు గడ్డే తింటాయి, మీకు కత్తిరించే అవసరమే రాదు. ఈ పని ఇంట్లో ఎవరూ చేయకూడదు. మీ దగ్గరి పశువైద్యశాలలో ఆ పరికరాలు లేకపోతే పశువైద్య కళాశాల ఆసుపత్రికి పంపమని అడగండి. ముక్కులో ఒక్క పక్క నుంచే దుర్వాసనతో చీము కారుతుంటే అది కూడా చెప్పండి. పై పన్ను వేరు కుళ్ళినప్పుడు అలా జరుగుతుంది. 

అయితే ఈ వయసులో పళ్ళు వేర్ల దాకా అరిగిపోయి ఉండే అవకాశమూ ఉంది. అప్పుడు ఆకురాయితో రాయడానికి మిగిలేది తక్కువ, మేతనే మార్చాలి.

కత్తిరించిన గడ్డి ఎవరికి పనికొస్తుందో తెలుసుకోవడానికి లద్దె చూడండి. ఉండను విప్పితే పీచు పొట్టిగా, మెత్తగా ఉండాలి. సెంటీమీటరు దాటిన పుల్లలు చాలా కనిపిస్తే గుర్రం నమలలేకపోతోందని అర్థం. 2 సెంటీమీటర్ల ముక్కలు పెట్టాక కూడా అవే ముక్కలు లద్దెలో యథాతథంగా వస్తుంటే కత్తిరింపు సరిపోవడం లేదు, నానబెట్టిన మేతకు మారాలి.

గడ్డి ఎంపికకు వస్తే, ఎండు గరిక దొరికితే అంతకంటే మంచిది లేదు. వరిగడ్డిలో బలం తక్కువ, గరుకు ఎక్కువ. అరిగిన పళ్ళకు అది శిక్షే. ఇప్పుడు ప్రతి ఊళ్ళో పెంచుతున్న సూపర్ నేపియర్ గడ్డి గేదెలకు సరే కానీ, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి కాబట్టి గుర్రానికి అదే రోజువారీ మేత కాకూడదు. జొన్న జాతి పచ్చిమేత అసలు వద్దు. లేత జొన్న విషమని రైతులందరికీ తెలుసు. గుర్రానికి అదనంగా మూత్రాశయం దెబ్బతిని వెనుక కాళ్ళు తూలే జబ్బు కూడా వస్తుంది. 

కత్తిరించే ముందు గడ్డిని విదిల్చి తీగముక్కలు, ముళ్ళు ఏరేయండి. ఏ రోజు గడ్డి ఆ రోజే కత్తిరించండి, పెట్టే ముందు కొంచెం నీళ్ళు చిలకరిస్తే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోదు. పచ్చిగడ్డిని కత్తిరించి కుప్పగా ఉంచకండి, గంటల్లోనే వేడెక్కి పులుస్తుంది. ఇంకొక మాట, ఇది గుర్రానికి కాదు మీకు: రోలర్లకు మూత లేని మోటారు యంత్రాలు ఎన్నో చేతులు తీసుకెళ్ళాయి. చీర కొంగు, తువ్వాలు, పిల్లలు దాని దగ్గరకు రాకూడదు. ఒక్క గుర్రానికి చేతితో తిప్పే యంత్రం చాలు.

నానబెట్టిన మేత అంటే మన కుడితి లాంటిదే, కాస్త చిక్కగా. లూసర్న్ అనే పశుగ్రాసంతో చేసిన గుళికలు దొరికితే రెండు మూడింతల నీళ్ళు పోసి, పూర్తిగా విచ్చిపోయేదాకా ఉంచండి. ఉడికించిన ఉలవలు కొద్దిగా కలపవచ్చు. గోధుమ తవుడు బలమని చాలామంది రోజూ పోస్తారు. అందులో కాల్షియం కన్నా భాస్వరం ఎన్నో రెట్లు ఎక్కువ, నెలల తరబడి అదే పెడితే ఎముకలు గుల్లబారి ముఖం ఉబ్బుతుంది. పిడికెడు చాలు. కోళ్ళ దాణా మాత్రం దగ్గరకు రానివ్వకండి. అందులో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ వంటి మందులు కొద్దిపాటి మోతాదులోనే గుర్రం గుండెను దెబ్బతీసి చంపుతాయి.

300 కిలోల గుర్రానికి రోజుకు తేమ తీసేసిన బరువు లెక్కన నాలుగున్నర నుంచి 6 కిలోల మేత కావాలి. దాన్ని నాలుగైదు పూటలుగా పంచండి. పాత మేత నుంచి కొత్తదానికి పది రోజుల్లో నెమ్మదిగా మార్చండి. ఎండాకాలంలో నానబెట్టింది మిగిలితే రెండు మూడు గంటలకు పారేయండి. 

తింటూ తింటూ ఆగి, మెడ చాచి, దగ్గుతూ, ముక్కుల్లోంచి మేత కలిసిన నురగ కారిస్తే గొంతులో అడ్డుపడిందన్నమాట. మేత, నీళ్ళు రెండూ తీసేయండి. తల కిందికి ఉండేలా నెమ్మదిగా నిలబెట్టి, పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోను చేయండి. నూనె పోస్తే జారిపోతుందని ఎవరైనా అంటే వినకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు.

ముందుకాళ్ళ వెనుక ఛాతీ చుట్టూ టేపు పెట్టి కొలిచి, వారానికోసారి రాసి పెట్టుకోండి. మేత మార్చి నెల దాటినా కొలత తగ్గుతూనే ఉంటే పళ్ళ మీదే నెపం వేయకుండా రక్త పరీక్ష, లద్దెలో పురుగుల పరీక్ష చేయించండి.