నీళ్లలో నీడ తప్పా?

సందేహం: క్వేక్ 2 అనే వీడియో ఆటకు 1997 నాటి పాత రూపాన్నీ, 2019లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా, కాంతికిరణాల దారిని లెక్కగట్టి బొమ్మ గీసే రే ట్రేసింగ్‌తో విడుదల చేసిన రూపాన్నీ పోలుస్తూ తెలుగులో వీడియో చేశాను. ‘కొత్తదాంట్లో నీళ్లలో నీడలు కనబడతాయి’ అన్నాను. ‘నీడ అంటే షాడో. నువ్వు చెప్పేది రిఫ్లెక్షన్, ప్రతిబింబం అనాలి’ అని మిత్రులు తప్పుపట్టారు. నిజంగా తప్పేనా? గ్రాఫిక్స్ కార్డు ‘పెర్ఫార్మెన్స్’ను ప్రదర్శన అనవచ్చా?

సమాధానం: మీ మిత్రులు చిన్నప్పుడు సింహం, కుందేలు కథ విన్నారో లేదో! బావిలోకి తొంగిచూసిన సింహానికి ఏం కనబడింది? తన నీడ. ‘తన ప్రతిబింబమును గాంచెను’ అని ఏ నాయనమ్మా చెప్పదు. మాంసం ముక్క పోగొట్టుకున్న కుక్క కాలవలో చూసిందీ నీడనే. ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి గనక తెలుగు మాటకు ఒక అర్థం ఉంచి, రెండోదాన్ని తప్పుల కింద జమకట్టడం ఈమధ్య ముదిరిన జబ్బు.

ఈ మాట మీద నాకు మమకారం ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి. తమిళంలో ‘నిళల్’ అని ఉంది. అందులో ళ అని మనం రాసేది నిజానికి నాలుక మడిచి పలికే వేరే అక్షరం. అది చాలాచోట్ల మనకు డ అయింది. వాళ్ల ఏళు మన ఏడు, వాళ్ల కోళి మన కోడి. ఆ వరసలోనే నిళల్‌కు తోబుట్టువు మన నీడ. అక్కడా చెట్టు నీడకూ, అద్దంలో కనబడే రూపానికీ అదే మాట. ఫొటోను వాళ్లు ‘నిళర్‌పడం’ అంటారు, అంటే నీడబొమ్మ. సంస్కృతంలో ఛాయదీ ఇదే దారి. ఫొటోను ఛాయాచిత్రం అంటే ఒప్పుకునేవాళ్లు నీళ్లలో నీడను ఎందుకు ఒప్పుకోరో నాకు అర్థం కాదు. వేమన ‘కొండ యద్దమందు కొంచెమై యుండదా’ అన్నాడు గానీ, పాపం, నీడ అన్న మాట వాడలేదు. వాడి ఉంటే ఈ సమాధానం ఇంత పొడుగయ్యేది కాదు. తోడూనీడా అన్నచోట ఆశ్రయం, చామనఛాయ అన్నచోట రంగు, అవి వేరే సంగతి.

మరి రెంటినీ తెలుగు ఎలా విడదీస్తుంది? చెరువుగట్టున చింతచెట్టు ఉందనుకోండి. ‘నీళ్ల మీద చెట్టు నీడ పడింది’ అంటే ఎండ ఆగిన చోటు. ‘నీళ్లలో చెట్టు నీడ కనబడింది’ అంటే కొమ్మలూ రెమ్మలూ తలకిందులుగా. ‘మీద’, ‘లో’ ఆ పని చూసుకుంటాయి.

మా మనవడి చేత ఆ ఆట పెట్టించుకుని చూశాను. నీటిమడుగు పక్కన నిలబడి వాడు సెట్టింగ్స్‌లో రే ట్రేసింగ్ తీశాడు, మళ్లీ పెట్టాడు. తీసినప్పుడు నీళ్లు రంగు పూసిన గాజుపలకలా అల్లల్లాడుతున్నాయే గానీ అందులో ఏ రూపమూ లేదు. పాత ఆటలో గోడల మీది వెలుతురును ముందే లెక్కగట్టి అతికించేశారు మరి. పెట్టగానే గోడలూ దీపాలూ నీళ్లలోకి దిగాయి. తెర మూలన ఫ్రేముల అంకె, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు గీస్తోందో చెప్పేది, మాత్రం ధబీమని పడింది. పడదూ! సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి దాదాపు 16.7 మిల్లీసెకన్లే గడువు. ఆ కాస్తలో ఏ కిరణం ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ తగిలి తిరిగొచ్చిందో తేల్చాలి. ఆగితే ఒక నీడ, తిరిగొస్తే ఇంకో నీడ. రెంటికీ కిరణాల వెంటపడటమే పని అయినప్పుడు రెంటికీ ఒకే మాట ఉండటం నాకైతే ముచ్చటగానే ఉంది.

అయితే మీరు చేసేది పోలిక. ‘ఈ వెర్షన్‌లో నీడలు బాగున్నాయి’ అని ఊరుకుంటే ఏ నీడలో వినేవాడికి తెలీదు. షాడోలను ఒకచోట, రిఫ్లెక్షన్లను ఇంకోచోట పెంచుకునే తగ్గించుకునే ఆటలైతే మరీ తికమక. అలాంటిచోట నీడ, ప్రతిబింబం అని విడదీసి చెప్పడమే మేలు. అది వీలు కోసమే, నియమమని కాదు. మీ వాక్యాన్ని మాత్రం నేను దిద్దను. ‘నీళ్లలో నీడ పడింది’ అని ఉంటే నేనూ తటపటాయించేవాణ్ణి, జనం రెండు రకాలుగానూ అంటారు.

ఇక ప్రదర్శనంటారా, గ్రాఫిక్స్ కార్డు గజ్జె కట్టి ఆడదు. పనితీరు అనండి. పెర్ఫార్మెన్స్ అన్నా నేనేమీ అనుకోను.