పెంకును మెషీన్ కింద పెట్టే ముందు

అమ్మాయీ,

తవ్వకంలో దొరికిన పాత కుండ పెంకుల పెట్టె చేతికి రాగానే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచే చేతి మెషీన్) కావాలన్నావట. కాస్త ఆగు. ముందు ఫొటోలు తీసి, అనుమతి తీసుకుని, పెంకు అంచున చిన్న ముక్క విరిచి ఆ తాజా విరుపును భూతద్దంలో చూడు. బయట ఎరుపు, నడుమ నల్లటి చార ఉంటే మట్టిలోని సేంద్రియ పదార్థం పూర్తిగా కాలలేదన్నమాట. సన్నగా, పొడుగ్గా ఖాళీలుంటే పొట్టో గడ్డో కలిపి ఉంటారు. కోసుగా ఉన్న రేణువులైతే రాయి దంచి కలిపారేమో చూడాలి. గన్ ఇవేవీ చెప్పదు. పైగా అది పైపైనే చదువుతుంది. గరుకు పెంకులో గురి ఒక ఇసుక రేణువు మీద పడితే అంతా సిలికానే (ఇసుకలోని ముఖ్య పదార్థం) అంటుంది.

ల్యాబ్ ఇచ్చే అంకె బంకమట్టిది కాదు, కుండది. ఇది బాగా పట్టించుకో. కుమ్మరి క్వార్ట్జ్ ఇసుక ఎక్కువ కలిపితే సిలికా పెరుగుతుంది, మట్టిలో కొద్దికొద్దిగా ఉండే లాంథనం, స్కాండియం లాంటి మూలకాలన్నీ ఇంచుమించు ఒకే దామాషాలో తగ్గుతాయి. ఒకే గుంట మట్టితో చేసిన రెండు కుండలు గ్రాఫులో వేర్వేరు చోట్ల కూర్చుంటాయి. అప్పుడు మూలకాల నిష్పత్తులు చూడాలి, 0.03 మిల్లీమీటర్ల థిన్ సెక్షన్ (పెంకును పల్చగా అరగదీసిన ముక్క) చేయించి మైక్రోస్కోప్‌లో ఇసుక ఎంతుందో తేల్చుకోవాలి. ఈ కుండ ఫలానా చోటి మట్టిదే, ఇంకెక్కడిదీ కాదు అనడానికి 1977లో వీగండ్, హార్బాటిల్, సేర్ అనే పరిశోధకులు పెట్టిన షరతు ఉంది: ఒకే మట్టి మూలం లోపలి తేడాలకంటే మూలాల మధ్య తేడా ఎక్కువుండాలి. చుట్టుపక్కల మట్టి శాంపిళ్లు లేకుండా అది తేలడం కష్టం.

భాస్వరం, బేరియం, కాల్షియం భూమిలోంచి కూడా పెంకులోకి చేరతాయి. భాస్వరం కనిపించగానే ఇందులో మాంసం వండారని రాసేస్తారు కొందరు, నాకు ఒళ్లు మండుతుంది. సున్నపురాయిలో ఉండే ఖనిజం కాల్సైటూ అంతే. సుమారు 700 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య అది విడిపోతుంది కాబట్టి, ఉంటే తక్కువ వేడిలో కాల్చారని అనిపిస్తుంది. కానీ పూడిన తర్వాత నీటిలోంచి వచ్చి రంధ్రాల్లో పేరుకున్నదీ కావచ్చు. థిన్ సెక్షన్‌లో అది రేణువుగా ఉందా, ఖాళీ గోడకు అంటుకుందా చూడు.

పెంకుల్ని యాసిడ్‌తో కడగకు, ఆ సాక్ష్యమంతా కరిగిపోతుంది. శాంపిల్ పొడి తీయడానికి టంగ్‌స్టన్ కార్బైడ్ డ్రిల్ వాడితే టంగ్‌స్టన్, కోబాల్ట్ అంకెలు పక్కన పెట్టేయ్, అవి డ్రిల్ నుంచే చేరతాయి. కొవ్వు అవశేషాల పరీక్షకు పంపే పెంకుల్ని ఒట్టి చేత్తో ముట్టుకోకు, ప్లాస్టిక్ కవర్లో వేయకు, అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టు.

శాంపిళ్ల లిస్టు పంపేటప్పుడు తవ్వకంలో ఏ పొరలో దొరికిందో ప్రతిదానికీ రాయి. అది లేని లిస్టు నేను చూడను.