వైకుంఠపాళితో పదులు, ఒకట్లు నేర్పాలంటే బోర్డు మీరే గీసుకోండి

మూడో తరగతిలో 30 మంది, 36కి 10 కలపమంటే ఇంకా వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు, వైకుంఠపాళి ఆడిస్తే దారికొస్తారా అని అడిగారు. వస్తారు. కానీ బజార్లో దొరికే బోర్డుతో కాదు.

ఆ బోర్డులో ఒక వరస ఎడమ నుంచి కుడికి, పై వరస కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. దాంతో 36కి సరిగ్గా పైన 45 ఉంటుంది. పది కలిపితే పై గడిలోకి వెళ్తామన్న సంగతి పిల్లలకి ఎక్కడా కనబడదు. చార్టు మీద 5 సెంటీమీటర్ల గళ్లు వరసకి పది చొప్పున పది వరసలు గీసి, ప్రతి వరసా ఎడమ నుంచే మొదలుపెట్టండి. అప్పుడు 36 మీద 46, దాని మీద 56. ఇందులో ఒక చిక్కుంది: 40కి చేరిన పిల్లలు పావుని తిన్నగా 50లోకి ఎక్కించేస్తారు. అందుకని వరస చివర బాణం గీసి '41కి' అని రాయండి.

పాములు మూడు, నిచ్చెనలు మూడు చాలు. మొదటి వారం నిచ్చెనలన్నీ నిలువుగా, 14 నుంచి 34, 27 నుంచి 47 అలా. వాలు నిచ్చెనలు తర్వాత.

అసలు తప్పు పావు జరపడంలో జరుగుతుంది. 36లో ఉండి 4 పడితే, తానున్న గడి మీదే వేలుపెట్టి "ఒకటి" అంటారు, 39లో ఆగుతారు. ఒకటి, రెండు అననివ్వకండి. "ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై" అంటూ మాటకో గడి జరపాలి. ఇది అలవాటయ్యాక, చేరబోయే గడి ముందే చెప్పి పావు కదపాలి. తప్పు చెబితే జట్టువాళ్లు సరిచేస్తారు, శిక్షేమీ వద్దు.

నలుగురేసి ఆరు జట్లు, ముగ్గురేసి రెండు. పావులకి చింతగింజలు బదులు రంగురంగుల బొత్తాలు వాడండి, ఎవరివేవో తెలుస్తాయి. పాచిక డబ్బా మూతలో వేయించకపోతే సగం సమయం బెంచీల కింద వెతుకులాటే. ఒక పీరియడ్‌లో ఆట 100 దాకా వెళ్లదు, 20 నిమిషాలకి ఆపేసి పైనున్నవాళ్లు గెలిచారనండి.

చివరి ఐదు నిమిషాలు తాము వేసిన మూడు పందేలు నోటుబుక్కులో కూడికలుగా రాయించండి. 38 + 5 = 42 అని రాసినవాళ్లు ఇంకా తామున్న గడి నుంచే లెక్కపెడుతున్నారన్నమాట. వాళ్లని మర్నాడు విడిగా కూర్చోబెట్టి, 1 నుంచి 20 వరకు ఒకే వరసలో గీసిన బోర్డు మీద ఆడించండి.