పైహియా, రస్సెల్‌లకు ఒక్క రోజు చాలదండి

ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలతో న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ నుంచి ఉత్తరాన ఉన్న బే ఆఫ్ ఐలాండ్స్‌కి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, పడవ షికారు తప్ప అక్కడ ఇంకేముందని అడిగారు. రెండేళ్ల కిందట మేమూ మా అమ్మానాన్నలని తీసుకెళ్లాం. వెళ్లి రావచ్చు గానీ, వద్దండి. ఒకవైపుకే మూడు గంటలు దాటుతుంది. అక్కడి పైహియా ఊళ్లో రెండు రాత్రులు ఉండండి.

ముందు పైహియా పక్కనే ఉన్న వైతాంగి చూడండి, పడవ తర్వాత. 1840 ఫిబ్రవరి 6న అక్కడి మూలవాసులైన మావోరీల పెద్దలు బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం మీద సంతకాలు పెట్టిన చోటు అది. గైడ్‌తోనే తిరగండి. ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారం ఇచ్చేసినట్టు ఉంటుంది. మావోరీ ప్రతిలో ఉన్న మాటకి పరిపాలన అనే అర్థం. మా నాన్న రిజిస్ట్రేషన్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆ తేడా వినగానే అక్కడే నిలబడిపోయి, "మరి సంతకాలు ఏ కాగితం మీద పెట్టారు?" అని నాతో అడిగించారు. దాదాపు అందరూ పెట్టింది మావోరీ ప్రతి మీదేనని గైడ్ చెప్పారు. నాన్న ఆ రాత్రి భోజనం దగ్గర కూడా అదే మాట్లాడారు.

అక్కడి చెక్కడాల సభా మందిరంలోకి చెప్పులు విప్పి వెళ్లాలి. లోపల స్తంభాల మీద ఉన్నవి మావోరీల పూర్వీకుల రూపాలు. అమ్మ ఏమీ అనకుండానే కొంగు భుజం మీదుగా కప్పుకుని లోపలికి నడిచింది. కింద ఒడ్డు దగ్గర షెడ్‌లో 35 మీటర్ల యుద్ధ పడవ ఉంటుంది, కౌరి అనే అక్కడి చెట్టు మానుతో చేసింది.

మర్నాడు రస్సెల్ ఊరు. పైహియా నుంచి ఫెర్రీలో పావుగంట. పాత పేరు కొరొరారెకా. ఒప్పందం మీద మొదట సంతకం పెట్టాడని చెప్పే మావోరీ పెద్ద హోనె హెకె, తర్వాత బ్రిటిష్ వాళ్ల మీద తిరగబడి, ఇక్కడి మైకి కొండ మీది బ్రిటిష్ జెండా కర్రని నాలుగుసార్లు పడగొట్టించాడు. నాలుగోసారి, 1845 మార్చిలో, ఊరే తగలబడింది. మిగిలిన కొన్నిట్లో 1835 నాటి చెక్క చర్చి ఒకటి. దాని గోడలకి ఆనాటి తుపాకి గుళ్ల రంధ్రాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒకదాంట్లో నా చిటికెన వేలి కొస పట్టింది. వైతాంగి చూడకుండా వచ్చుంటే నాకది ఉత్త చిల్లులాగే కనిపించేది. తర్వాత ఆ మైకి కొండెక్కండి. పైనుంచి సముద్రం, దీవులు అన్నీ కనిపిస్తాయి. హెకె పక్కన పోరాడిన కవితి అనే మావోరీ పెద్ద కొడుకు 1858లో తన వాళ్లతో ఆ కర్రని మళ్లీ నిలబెట్టించాడు.

ఇక పడవ షికారు. సముద్రంలో ఉన్న రాతి కన్నంలోంచి పడవ వెళ్తుందని చెబుతారు కదా, అలలు ఎక్కువుంటే వెళ్లదు. మాకు వెళ్లలేదు. పైగా అమ్మకి వాంతులు. అరగంట ముందే మాత్ర వేయించండి. ఉరుపుకపుక దీవిలో నడవాలనుకుంటే, సంచుల్లో ఎలుకలూ చీమలూ లేవని చూసుకుని, తిండి గట్టి మూత డబ్బాల్లో పెట్టుకోవాలి. అక్కడ పక్షుల్ని కాపాడుకోవడానికే ఈ జాగ్రత్తంతా. మా పులిహోర డబ్బా అలాగే వెళ్లింది.

పెద్దవాళ్లు దీవి దాకా రాలేమంటే వైతాంగి నుంచి హరూరు జలపాతం దారి పట్టండి. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక, ఎత్తుపల్లాలు తక్కువ. మొత్తం నడవక్కర్లేదు, వంతెన దాకా వెళ్లి వెనక్కి వచ్చేయొచ్చు. డిసెంబరు చివర్లో రద్దీ ఎక్కువ, గది ఇప్పుడే బుక్ చేసుకోండి.